గోదాము ఏ ఒడ్డున ఉంది?

కొన్నేళ్ల కిందట ఒక కొండ ప్రాంతానికి వెళ్లి ఆరు రోజులు అక్కడే ఇరుక్కుపోయాను. పైకి వెళ్లే దారి ఒక్కటే. వానలకు కొండచరియలు విరిగిపడి అది రెండు చోట్ల తెగింది. ఊళ్లో పాతిక ఇళ్లకు మించి లేవు. బయటి నుంచి వచ్చి చిక్కుకున్నవాళ్లం పద్నాలుగు మందిమి. మొదటి రాత్రి మాలో ఎవరికీ తిండి ధ్యాసే లేదు, ఫోన్లు పనిచేయడం లేదన్నదే పెద్ద దిగులు. రెండో రోజు మధ్యాహ్నానికి దిగుళ్ల వరుస మారింది.

మాకు చోటిచ్చిన ఇంటి అటక మీద ధాన్యం పీపాలు, పప్పుల డబ్బాలు, నూనె, ఉప్పు, ఎండబెట్టిన కూరలు, ఇంటి వెనక చూరు కింద పేర్చిన కట్టెలు ఉన్నాయి. ఇంటాయన వాటికి పెద్ద పేరేమీ పెట్టలేదు. ఏటా చలికాలానికి ముందు నింపుకునే సరుకు అన్నాడు, అంతే. ఆ అటకే మా అందరికీ ఐదు రోజులు అన్నం పెట్టింది. ఐదో రోజు సాయంత్రం హెలికాప్టర్ వచ్చి బిస్కెట్ పెట్టెలు, నీళ్ల సీసాల కట్టలు దించి వెళ్లింది. ఊరి పక్కనే ఊట గలగలా పారుతోంది. మాలో ఒక పెద్దాయనకు మధుమేహం మందులు అయిపోయి రెండు రోజులైంది, అవి మాత్రం ఆ పెట్టెల్లో లేవు.

తెచ్చినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ గాలిలో, ఆ మబ్బుల్లో అక్కడ దిగడమే సాహసం. కానీ అప్పటి నుంచి ఎక్కడ వరదో భూకంపమో వచ్చి, ఇన్ని వేల టన్నుల ఆహారం సిద్ధంగా ఉంచామన్న ప్రకటన చదివితే నాకు ఒకే ప్రశ్న తోస్తుంది. ఆ గోదాము ఏ ఒడ్డున ఉంది? తెగే వంతెనకు అవతలా, ఇవతలా?

మారుమూల ప్రాంతానికి మొదటి రెండు వారాల తిండి అక్కడే ఉండాలి. అక్కడివాళ్లు రోజూ తినేదే అయి ఉండాలి. తాళం వాళ్ల చేతిలోనే ఉండాలి. నా వాదన ఇంతే. దూరాన ఉన్న గోదాములోది ఎంత ఘనమైన సరుకైనా వాళ్ల వరకు అది ఒక హామీ. హామీ నిలబడవచ్చు, నిలబడకపోవచ్చు. పొయ్యి మీదికి మాత్రం ఎక్కదు.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన భూకంపాన్ని తీసుకోండి. ఆ దేశం ఏ ఏర్పాటూ లేకుండా చిక్కలేదు. సరిగ్గా నెల ముందే కాఠ్మాండూ విమానాశ్రయం పక్కన సహాయ సామగ్రిని దించి, సర్ది, పంపడానికి ఒక కేంద్రాన్ని తెరిచారు. దానివల్ల ఎన్నో రోజులు కలిసివచ్చాయి కూడా. అయినా ఏమైంది? ఆ నగరంలో పెద్ద విమానాలు దిగగల రన్‌వే ఒక్కటే. వరసగా దిగుతున్న విమానాల బరువుకు అది దెబ్బతింటే మే మొదటి వారంలో భారీ విమానాలను ఆపవలసి వచ్చింది. విమానాశ్రయం దాకా వచ్చిన సరుకుదీ అసలు ప్రయాణం అక్కడి నుంచే మొదలు. గోర్ఖా వైపు కొండల మీది ఊళ్లకు దారులు కూలిపోయాయి. చివరికి ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం పర్వతారోహణ తెలిసినవాళ్లను, వేల మంది కూలీలను, కంచర గాడిదలను పెట్టి బస్తాలను కాలిబాటల మీద మోయించింది. ఖండాలు దాటి గంటల్లో వచ్చిన బస్తా ఆఖరి పాతిక కిలోమీటర్లు మనిషి వీపు మీద వెళ్లింది. దారి మధ్యలో మే 12న మరో పెద్ద ప్రకంపన.

తుపాను వస్తే గాలి, భూకంపం వస్తే నేల అని విపత్తులకు రకరకాల పేర్లు పెడతాం గాని, మారుమూల ఊరికి అన్నీ చేసేది ఒకటే పని. దారిని మింగేస్తాయి. టోంగా దీవుల దగ్గర 2022 జనవరి 15న సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలినప్పుడు దేశాన్ని బయటి ప్రపంచంతో కలిపే ఒకే ఒక్క కేబుల్ తెగింది. విమానాశ్రయం రన్‌వే మీద బూడిద పేరుకుంది. దాన్ని పారలతో ఎత్తి, చేతిబళ్లతో తోసి శుభ్రం చేశారు. మొదటి సహాయ విమానాలు దిగేసరికి ఐదు రోజులు. అది కూడా ప్రధాన దీవికి. అక్కడి నుంచి చిన్న దీవులకు మళ్లీ పడవలు. కాబట్టి సహాయం ఎంత వేగంగా బయలుదేరిందన్న లెక్కతో నాకు పని లేదు. ఎప్పుడు చేరిందో చెప్పండి, చాలు.

అన్నం ఉండటానికీ అందుబాటులో ఉండటానికీ మధ్య ఎంత దూరం ఉందో దక్షిణ ధ్రువపు మంచు మీద జరిగిన ఒక ఉదంతం చెబుతుంది. అది ప్రకృతి విపత్తు కథ కాదు, అయినా నిల్వల గురించి మాట్లాడేటప్పుడు దాన్ని దాటి వెళ్లడం నాకు చేతకాదు. బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం 1911 ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణానికి కావలసిన ఆహారాన్ని ముందుగానే మంచులో దాచింది. టన్ను సరుకు. దాన్ని 80 డిగ్రీల అక్షాంశం దగ్గర పెట్టాలని అనుకున్నారు. గుర్రాలు నీరసించిపోవడంతో యాభై కిలోమీటర్లకు పైగా ముందే దించేసి వెనక్కి తిరిగారు. మరుసటి ఏడాది మార్చిలో ధ్రువం నుంచి తిరిగి వస్తూ స్కాట్, మిగిలిన ఇద్దరు సహచరులు మంచు తుపానులో గుడారంలోనే చనిపోయారు. ఆ చోటు నుంచి టన్ను సరుకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. అనుకున్న చోటే పెట్టి ఉంటే వాళ్లు అప్పటికే దాన్ని చేరి ఉండేవారు. అందులో ఇంకో చేదు ముక్క ఉంది. దారిలో అంతకుముందు దాచిన డబ్బాల్లోని కిరోసిన్ తోలు వాషర్ల గుండా ఆవిరై తగ్గిపోయింది. పొయ్యి వెలిగితేనే మంచు కరిగి నీళ్లవుతాయి. అదే కాలంలో అక్కడే తిరిగిన నార్వే అన్వేషకుడు అముండ్సెన్ తన డబ్బాలకు సీలుగా టంకం వేయించాడు. తన నిల్వలకు రెండు వైపులా అడ్డంగా జెండాల వరస పాతించాడు, దారి కాస్త తప్పినా కంటపడాలని. జెండాలకూ టంకానికీ పెద్ద ఖర్చేమీ కాదు. ఎక్కడ పెట్టాలి, ఎలా కనిపించాలి, ఏది కారిపోతుంది అని ఆలోచించడంలోనే ఉంది అంతా.

ఇందుకు ఎదురుగా నిలబెట్టదగ్గ దీవి ఒకటుంది. పసిఫిక్ మహాసముద్రంలో సోలమన్ దీవులకు చెందిన టికోపియా. ఐదు చదరపు కిలోమీటర్ల నేల, వెయ్యి మందికి పైగా జనం. పనసకు దగ్గరి చుట్టమైన సీమపనస, అరటి, చామ వంటి వాటిని ఆకులు పరిచిన గుంటల్లో పూడ్చి పులియబెట్టి దాచడం అక్కడివాళ్ల పాత పద్ధతి. మన మాటల్లో చెప్పాలంటే పాతర. వాళ్లు దాన్ని మాసి అంటారు. సరిగ్గా పూడ్చి, పైన ఆకులు మారుస్తూ ఉంటే ఏళ్లపాటు నిలుస్తుంది. వాసన భరించడం కష్టమని రుచి చూసినవాళ్లు అంటారు. పాతర తిండికి ఆ మాత్రం హక్కు ఉంది.

2002 డిసెంబర్ చివర్లో జోయీ అనే అతి తీవ్ర తుపాను ఈ దీవి మీదుగా పోయింది. ఇళ్లు, తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. బయటివాళ్లతో మాట్లాడే మార్గం లేదు. సహాయంతో ఓడ చేరేసరికి దాదాపు వారం. అందరూ పోయి ఉంటారని బయట అనుకుంటున్న ఆ దీవిలో ఒక్కరు కూడా చనిపోలేదు. ఇదంతా పాతర మహిమే అని నేను అనను. గుహల్లోకి ముందే చేరుకోవడం వాళ్లను తుపాను నుంచి కాపాడింది. అయితే తుపాను అయ్యాక వారం పాటు ఎదురుచూడటానికి ధైర్యం కావాలి. నేల కింద ఏదో ఉందన్న నమ్మకం తరతరాలుగా ఉన్నవాళ్లకు ఆ ధైర్యం సులభం.

నా వాదన మరీ సాఫీగా సాగిపోకుండా అదే దీవి అడ్డుపడుతుంది. 1952లో ఒకటి, 1953లో ఒకటి చొప్పున అక్కడ పెద్ద తుపానులు వచ్చాయి. మొదటి దెబ్బ నుంచి తోటలు కోలుకోకముందే రెండోది పడింది. పాతరలు సరిపోలేదు, కరవు వచ్చింది, బయటి నుంచి ఆహారం రావలసివచ్చింది. అంటే ఊళ్లో నిల్వకు ఒక హద్దు ఉంది. దాన్ని ఒప్పుకోకుండా స్వయం సమృద్ధి అని పాట పాడేవాళ్లతో నాకు పొసగదు.

కేంద్రీకృత నిల్వను సమర్థించేవాళ్ల దగ్గర గట్టి లెక్కే ఉంది. వంద ఊళ్లు ఉన్నాయి, ఏ ఏడాదైనా వాటిలో రెండో మూడో మునుగుతాయి. వందకూ సరుకు నింపితే తొంభై ఏడు చోట్ల ఊరికే ముక్కిపోతుంది. ఒకే చోట పెడితే ఐదు ఊళ్ల సరుకుతో వందకూ కాపు కాయవచ్చు. ఐక్యరాజ్యసమితి తరఫున నడిచే సహాయ గిడ్డంగుల తర్కం ఇదే. 2000లో ఇటలీలోని బ్రిండిసిలో మొదలై దుబాయ్, అక్రా, పనామా, మలేషియాలకు విస్తరించిన ఆ గిడ్డంగుల నుంచి ఒకటి రెండు రోజుల్లో సరుకు బయలుదేరుతుంది. ఆ లెక్కను నేను కాదనను. కాకపోతే అందులో ఒక చిన్న ఊహ దాక్కుని ఉంది. గోదాముకూ ఊరికీ మధ్య దారి ఎప్పుడూ తెరిచి ఉంటుందన్నదే ఆ ఊహ. పట్టణానికి అది చాలావరకు చెల్లుతుంది. మారుమూల ఊరికి, సరిగ్గా ఆ గోదాముతో అవసరం పడిన రోజునే అది తప్పుతుంది.

పైగా ఊళ్లో పెట్టవలసింది కొండంత సరుకు అన్న భయం కూడా అవసరం లేదు. విపత్తు సహాయంలో మనిషికి రోజుకు 2,100 కిలో కేలరీలు అన్నది అంగీకరించిన కొలత. నాలుగు వందల గ్రాముల తృణధాన్యం, అరవై గ్రాముల పప్పు, పాతిక గ్రాముల నూనె, కాస్త చక్కెర, ఉప్పు, కొంచెం బలవర్ధకమైన పిండి కలిపితే ఇంచుమించు అంత అవుతుంది. మొత్తం బరువు అర కిలో దాటి కొద్దిగా. వంద మంది ఊరికి పద్నాలుగు రోజులకు లెక్క వేసుకోండి. ముప్పావు టన్ను పైచిలుకు. ఒక గదిలో ఒక మూలకు సరిపోతుంది. ఇదే ముప్పావు టన్నును విపత్తు వచ్చాక గాలిలో మోయాలంటే, ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి హెలికాప్టర్ మోయగల బరువు తగ్గిపోతుంది. మబ్బు కమ్మితే అసలు లేవదు. గాయపడినవాళ్లను తీసుకురావలసిన ఆ యంత్రం చేత బియ్యం మోయించడం కన్నా పెద్ద దుబారా ఏముంది?

అందుకే రెండు వారాలు అంటున్నాను. రెండు నెలలు అనలేదు. ఆ తరువాతి బాధ్యత దూరపు గోదాములదే. ఊరి మూల ఉన్న ఆ ముప్పావు టన్ను వాటికి పోటీ కాదు, వాటి లారీలు రావడానికి గడువు ఇస్తుంది.

లెక్కలు వేసేటప్పుడు తలలు ఎలా లెక్కపెడతామన్నది కూడా చూడాలి. 2024 జనవరి 1న జపాన్‌లోని నోటో ద్వీపకల్పంలో భూకంపం వచ్చింది. ముందుజాగ్రత్తలో ఆ దేశానికి వంక పెట్టలేం. ఇంటికి కనీసం మూడు రోజుల తిండి, వీలైతే వారానికి సరిపడా ఉంచుకోమని ప్రభుత్వమే చెబుతుంది. అయినా కొండచరియలు దారులు మూసేసి మూడు వేల మందికి పైగా ఒంటరి పల్లెల్లో చిక్కారు. సైనికులు సరుకులు వీపున వేసుకుని నడిచి వెళ్లారు. ఆ రోజు కొత్త సంవత్సరం. ఊరు వదిలి పోయిన పిల్లలు, మనవలు పండక్కి వచ్చి ఉన్నారు. రికార్డులో ఉన్న జనాభా వేరు, ఆ సాయంత్రం ఊళ్లో ఉన్న జనం వేరు. మా కొండ ఊరి సంగతీ అంతే. పాతిక ఇళ్ల అటకలు ఎవరు నింపుకున్నా మా పద్నాలుగు నోళ్లను ఊహించి నింపుకోలేదు.

ఇక ఏం దాచాలన్న విషయం. ఎక్కువ తప్పులు ఇక్కడే చూశాను. ముడి బియ్యం పోషకాలు ఎక్కువని దాస్తారు. వాటి తవుడులో నూనె ఉంటుంది కనుక కొన్ని నెలల్లోనే కనరు వాసన కొడుతుంది. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం గాలి చొరబడకుండా మూస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. రోజువారీ భోజనంలో నేను ముడి బియ్యం పక్షమే, అటక మీద మాత్రం కాదు. పప్పుగింజలది ఇంకో పేచీ. వేడిలో, చెమ్మలో ఎక్కువ కాలం ఉన్న గింజ గట్టిపడి ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. చూపుకు బాగానే ఉంటుంది, తూకంలో తగ్గదు, తనిఖీకి వచ్చిన అధికారి తలూపి వెళ్లిపోతాడు. కానీ దాన్ని ఉడికించడానికి రెండింతల కట్టెలు కావాలి. విపత్తు రోజున తడవని కట్టె దొరకడం గింజ దొరకడం కన్నా కష్టం. ఎన్నో నిల్వల జాబితాలు చూశాను. వాటిలో పొయ్యి, వంటచెరకు, గిన్నె, అగ్గిపెట్టె ఉన్నవి చాలా తక్కువ. వండనక్కర్లేని బలవర్ధక బిస్కెట్లకు అందుకే విలువ. వంద గ్రాములకు 450 కిలో కేలరీలు ఇస్తాయి. మొదటి రెండు మూడు రోజులు, పొయ్యి రాజేసే స్థితి వచ్చేదాకా అవి బంగారం. నాలుగో రోజుకు పిల్లలు వాటిని విసిరేస్తారు.

పసిపిల్లల పాలపొడిని దయతో పంపేవాళ్లకు ఒక మనవి. మురికి నీళ్లలో కలిపిన పాలపొడి ఆకలి కన్నా ముందు ప్రాణం తీస్తుంది. తల్లి పాలిస్తుంటే తల్లికి కడుపునిండా అన్నం, నీళ్లు అందేలా చూడటమే బిడ్డకు చేసే మేలు. పాలపొడి తప్పనిసరైన బిడ్డలకు శుభ్రమైన నీళ్లు, పక్కన తెలిసిన మనిషి తోడుగా ఉండాలి.

పురుగుల సంగతి అనుకున్నంత జటిలం కాదు. 1980ల చివర్లో కామెరూన్ రైతుల అలసందల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సంచి తయారు చేశారు. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, బయట మామూలు నేత సంచి. గట్టిగా మూతి కడితే గింజలతోపాటు లోపలికి పోయిన పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడేసుకుని వాటంతట అవే ఆగిపోతాయి. మందు చల్లే పని లేదు. అయితే పెట్టే ముందు గింజ బాగా ఎండాలి. విత్తనాలు దాచేవాళ్ల దగ్గర ఒక మొరటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, నిల్వచోటు వేడి ఐదు డిగ్రీలు తగ్గినా దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందని. తిండిగింజకూ దారి అదే.

వీటన్నింటి కన్నా పెద్ద పురుగు మరుపు. ఆ కొండ నుంచి తిరిగి వచ్చిన ఉత్సాహంలో నేనూ ఇంట్లో ఒక పెట్టె సర్దాను. డబ్బాలు, బిస్కెట్లు, ధాన్యం, కిరోసిన్, కొవ్వొత్తులు. మూత మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం కిందికి తోశాను. నాలుగేళ్ల తరువాత ఇల్లు మారుతుంటే బయటపడింది. కిరోసిన్ వాసన ధాన్యానికి పట్టింది, బిస్కెట్లు పొడి అయ్యాయి, గింజల్లో ఎలుక పిల్లలు పెట్టింది. స్కాట్‌ను విమర్శించే అర్హత నాకు ఎంత ఉందో ఆ రోజు తెలిసింది. పెట్టెలోవి ఏవీ నేను మామూలు రోజుల్లో తినేవి కావు, అందుకే నాలుగేళ్లూ దాని జోలికి పోలేదు. జపాన్‌లో ఇళ్లకు నేర్పే పద్ధతి దీనికి విరుగుడు. పాతది ముందు వండుకోవడం, వండుకున్నంత కొత్తది కొని వెనక పెట్టడం. విపత్తు పెట్టె అని వేరే ఏదీ ఉండదు, వంటింటి అరే కాస్త లోతుగా ఉంటుంది.

ప్రభుత్వ గోదాములకు ఈ పద్ధతి నేర్పడం కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరూ భోంచేయరు. కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో 2017 సెప్టెంబర్‌లో మరియా తుపాను వచ్చింది. 2020 జనవరిలో దక్షిణ తీరాన్ని భూకంపాలు కుదిపినప్పుడు, పోన్సే నగరంలో ఒక గోదాము నిండా తుపాను నాటి నుంచి పంచకుండా ఉండిపోయిన నీళ్లు, పసిపిల్లల సరుకులు, ఇతర సామగ్రి బయటపడ్డాయి. బయట జనం ఆరుబయట పడుకుంటున్నారు. తలుపులు బద్దలుకొట్టి లోపలికి వెళ్లారు. విపత్తు నిర్వహణ అధిపతిని పదవి నుంచి తొలగించారు. ఆ గోదాము ఇవతలి ఒడ్డునే ఉంది, చూడండి. తాళం మాత్రం జనం చేతిలో లేదు. ఆ సరుకు సంగతి వాళ్లకు తెలియనే తెలియదు.

ఊరివాళ్ల చేతికి తాళం ఇస్తే పంచుకుని తినేస్తారు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. తినాలనే కదా నేను చెబుతున్నది! బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి పాత బస్తా వెళ్లాలి, కోతలయ్యాక కొత్త బస్తా రావాలి. ఖాతా పుస్తకం అందరికీ కనిపించేలా గోడకు వేలాడాలి. దొంగతనం జరగదా? కొంత జరుగుతుంది. బలమైన ఇల్లు తన వాటా కన్నా ఎక్కువ లాక్కుంటుందన్న భయమూ నిజమే, ఊరంటే ధర్మసత్రం కాదు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అందుకే రెండు తాళాలు, ఇద్దరి దగ్గర, అందులో ఒకరు వంట చేసే స్త్రీ అయి ఉండాలని నా పట్టు. ఏ బస్తా ముక్కిందో ఆమెకు మూత తీయగానే తెలుస్తుంది. వంద కిలోమీటర్ల అవతల కాగితం మీద నిల్వ చూసుకునే మనిషికి ముక్కు ఉన్నా ఉపయోగం లేదు.

ఆ కొండ ఊళ్లో ఆరో రోజు ఒక పక్క దారి తెరిచారు. బయలుదేరే ముందు అందరం కలిసి ఇంటాయన చేతిలో డబ్బు పెట్టబోయాం. తీసుకోలేదు. డబ్బు ఇక్కడ ఉడకదు, తిన్నంత ధాన్యం పంపండి చాలు, చలి రాకముందే అన్నాడు. అటక ఎక్కి ఎన్ని పీపాలు ఖాళీ అయ్యాయో చూసి, కిలోల లెక్క ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు. దిగిన వెంటనే ఆ లెక్కకు ఒక బస్తా కలిపి లారీలో పంపించాం. వానలు లేవు, దారి పూర్తిగా తెరిచారు, ఎక్కడా ఏ అడ్డూ లేదు. ఆ బస్తాలు ఊరు చేరడానికి పదకొండు రోజులు పట్టింది.